ప్రేగులలోని తలారి

పంచాయతీ సభ్యులారా!

గ్రామ పారిశుద్ధ్యమును గూర్చి మీరు ఇదివరకే పెక్కు ఉపన్యాసములు వినియున్నారు. ఈగలు, మురుగు కాలువలు అను పాత పాఠమునే మరల వల్లించుట మా ఉద్దేశము కాదు. చెడునీరు కడుపులోనికి పోయిన పిమ్మట అచ్చట ఏమి జరుగునో నేడు మనవి చేయదలచితిమి.

మన ప్రేగుల లోపలి గోడను కప్పియున్న పొర ఒకే ఒక కణము మందము గలది. దానిపై జిగురు పూత యుండును. దాని కణములు కొలది దినములకే రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. ఈ పలుచని పొరకు ఒకవైపున కోటానుకోట్ల సూక్ష్మజీవులు, రెండవవైపున నెత్తురు. ఆ జీవులలో అధికభాగము మనకు హాని చేయనివే. కావున ఆహారసారమును లోనికి రానిచ్చుట, శత్రువును నిలుపుట అను రెండు పనులును ఈ పొరయే చేయవలసియున్నది.

శత్రువును పసిగట్టుటకు కణములకు గ్రాహకములు కలవు. వీనిలో ముఖ్యమైనవి టోల్ జాతి గ్రాహకములు. టోల్ లోపించిన పండ్ల ఈగలు బూజు సోకి మరణించుచున్నవని 1996లో ఫ్రాన్సు దేశమున జూల్స్ హోఫ్మన్ బృందమువారు చూపిరి. అట్టి గ్రాహకమే బాక్టీరియా పైపొరలోని ఒక విషపదార్థమును గుర్తించుచున్నదని 1998లో అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ బృందమువారు ఎలుకలయందు నిరూపించిరి. ఆ ఇద్దరును 2011 నోబెల్ బహుమానములో పాలు పంచుకొనిరి. ఈగల పాఠము వలదని చెప్పి ఈగవద్దకే వచ్చితిమి!

గ్రాహకము మన ఊరి తలారి వంటిది. శత్రువు జాడ తగులగానే కణము లోపల వార్త ప్రాకి, రసాయన రూపమున టముకు మ్రోగును. అది విని నెత్తురులోని తెల్లకణములు అచ్చటికి పరుగెత్తును. ఆ తావు ఎఱ్ఱబారి వాచును. బాక్టీరియా తోకను గుర్తించు తలారి ప్రేగు పొరయందు ప్రధానముగ లోపలివైపుననే కాపు కాయును. పైన ఈదులాడు జీవులను పట్టించుకొనక, గోడకు కన్నము వేసినవానినే పట్టుకొనుటకు ఈ ఏర్పాటు అనుకూలించుచున్నది. ఇంతకంటె తెలివైన కావలి మాకు తెలియదు.

తలారిని తొలగించినను ముప్పే. ఈ సంకేతములు లోపించిన ఎలుకలలో ప్రేగు గాయములు మరింత విషమించినవని 2004లో తేలినది. టముకు ఆగకున్నను ముప్పే. క్రోన్స్ అను దీర్ఘకాలిక ప్రేగువ్యాధికిని, నాడ్-2 అను మరియొక తలారిని నిర్మించు జన్యువులోని లోపమునకును గల సంబంధము 2001లో బయటపడినది.

అయితే మన గ్రామములకు దగ్గరి సంగతి వేరొకటి కలదు. నిత్యము మలినమును మ్రింగు పసిపిల్లల ప్రేగులలో ఈ టముకు మ్రోగుచునే యుండును. ఆహారమును పీల్చు సన్నని కేసరములు పొట్టివగును. విరేచనములు లేకున్నను తిన్నది ఒంటబట్టదు. బిడ్డ ఎదుగకుండుటకు ఇదియొక కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇచ్చట ఒక చేదు నిజము దాచరాదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే దేశములలో వేలాది కుటుంబములకు మరుగుదొడ్లు, చేతులు కడుగు వసతి, క్లోరిను సమకూర్చి పరీక్షించిరి. 2018, 2019లలో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, వీనివలన పిల్లల ఎత్తు పెరుగలేదు. బంగ్లాదేశ్‌లో మాత్రము విరేచనములు తగ్గినవి. ఇంటింట చేసిన కొద్దిపాటి మార్పు చాలలేదనియు, బిడ్డ చుట్టునున్న మలినము అంతకంటె మిక్కిలిగ తగ్గవలెననియు నిపుణులు భావించుచున్నారు.

అందుచే భారము ఒక్క గృహిణిపై మోపుట న్యాయము కాదు. త్రాగునీరు, పారిశుద్ధ్యము రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా ఉన్నవి. మీ ఊరి కుళాయి గొట్టము ఎచ్చటెచ్చట మురుగు కాలువ గుండ పోవుచున్నదో నడచి చూడుడు. నీరు ఆగిన వేళ చిల్లుపడిన ఖాళీ గొట్టము ఆ మురుగునే లోనికి పీల్చుకొనును. క్లోరినును ట్యాంకు వద్ద పరీక్షించి సంతసింపవలదు. చివరి వీధిలోని చివరి ఇంటి కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాములైన మిగిలియున్నదో లేదో చూచి, ఆ లెక్కను తదుపరి గ్రామసభలో చదివి వినిపింపుడు.