ప్రాసెసింగ్ ఫీజు కట్టిన రచయిత

(సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



రాసింది అచ్చులో చూసుకోవడం గురించి చెప్పమన్నారు. మన కుటుంబాల్లో డైరీల్లో కథలు దాచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. నేను పెద్ద రచయితనేమీ కాదు. ఒక పుస్తకం వచ్చింది, అంతే. కానీ ఈ దారిలో నేను తిన్న దెబ్బ మీకు పనికొస్తుంది.

నా మొదటి కథ బంగారం తాకట్టు పెట్టిన ఒక ముసలమ్మ గురించి. ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. నాలుగు నెలలకు ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "ఆఫీసరు గారూ, మీ కథ మూడో పేజీలో మొదలవుతోందండీ" అన్నారు. మొదటి రెండు పేజీల్లో మా బ్రాంచి, మేనేజరు గారి బల్ల, నా ట్రాన్స్‌ఫర్ కష్టాలు ఉన్నాయి. తర్వాత ఇంకో మాట అడిగారు. "ఆమె ఊరు, గొలుసు బరువు నిజమైనవేనా?" నిజమైనవే! ఖాతాదారుల వివరాలు బయటపెట్టకూడదని పాఠాలు చెప్పే నాకు ఆ సంగతే తట్టలేదు.

అయినా రెండు రోజులు కోపంగానే ఉన్నాను. మా ఆవిడ ఒకటే అడిగింది: "బ్రాంచీల నుంచి వచ్చిన లోన్ ప్రపోజల్స్ మీరు ఎన్నిసార్లు వెనక్కి పంపుతారు?" నోరు మూసుకుని తిరగరాశాను. కథ అచ్చయింది.

ఇక ఏజెంట్ల సంగతి. తెలుగులో ఈ వ్యవస్థ దాదాపు లేదు. మనం నేరుగా పత్రికకో, ప్రచురణకర్తకో పంపుతాం. లేదా సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంటాం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రెస్సుకు ఎంత ఇస్తున్నామో, ఎన్ని కాపీలు వస్తాయో తెలిస్తే చాలు. ఇంగ్లీషులో ఏజెంట్లు ఉంటారు. అరుంధతీ రాయ్ మొదటి నవలను తొలుత చదివినవాళ్ళలో ఒకరు, అప్పట్లో ఢిల్లీలో హార్పర్‌కాలిన్స్ ఎడిటర్‌గా ఉన్న పంకజ్ మిశ్రా. లండన్ ఏజెంట్ డేవిడ్ గాడ్విన్ ఆ నవల చదివి, ఆమెను కలవడానికి విమానమెక్కి ఇండియా వచ్చారు. 1997లో దానికి బుకర్ బహుమతి వచ్చింది. ఆయన ఆమెను ఫీజు అడగలేదు. ఏజెంటు ఆదాయమంతా రచయితకు వచ్చే డబ్బులోంచే, మామూలుగా నూటికి 15 రూపాయల వంతున.

ఇది తెలియకముందు నా కథల ఇంగ్లీషు అనువాదానికి ఒక 'ఏజెంట్' దొరికాడు. పుస్తకం అద్భుతమన్నాడు. పరిశీలనకు 18,000 రూపాయలు అడిగితే కట్టాను. తర్వాత ఎడిటింగ్ ప్యాకేజీ అన్నాడు. దానికి బేరమాడేలోపు ఫోన్ మూగబోయింది. లోన్ ఇప్పిస్తామని ముందే ఫీజు అడిగేవాళ్ళను నమ్మొద్దనే పోస్టరు అప్పుడు నా కుర్చీ వెనకే ఉంది. నేను ఎంబీయే చదివినవాణ్ణి కూడా. పొగడ్త ముందు ఏ చదువూ నిలబడలేదు.

ఆ డబ్బు మా అమ్మాయి ల్యాప్‌టాప్ కోసం దాచింది. ల్యాప్‌టాప్ ఏడాది ఆలస్యమైంది. పే రివిజన్ బకాయిలు రాలేదని అప్పుడు అబద్ధం చెప్పాను. తను ఇప్పుడు మూడో వరసలోనే కూర్చుంది. అసలు కారణం ఇదేనమ్మా.

ఒప్పందం చేతికొస్తే లోన్ డాక్యుమెంటు చదివినట్టు చదవండి. అనువాదం, సినిమా, ఆడియో హక్కులు ఎవరికి పోతున్నాయో చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకనే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సిబ్బంది అయితే మన ప్రవర్తనా నియమావళి కూడా ఒకసారి తిరగేయండి.

కథలు తెచ్చుకున్నవాళ్ళు టిఫిన్ దగ్గర నాకివ్వండి, చదువుతాను. ఫీజు లేదు. మొదటి రెండు పేజీలు మాత్రం ఇంకోసారి చూసుకుని ఇవ్వండి.