ఎముక బయటపడిన కాలు



మదనపల్లె టమోటా లారీలు పుంగనూరు మీదుగా రేయింబవళ్లు తిరుగుచున్నవి. కుప్పము దాక ఊరూర ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు పెరిగినవి. చక్రము క్రింద ఎవని కాలైన నలిగినపుడు మొదట కబురు వచ్చునది పెద్దల కడకే. ఎచటికి తీసికొనిపోవలెనను మాట మీ నోటనే వెలువడును. అందువలన నేనీ సంగతి మీతో ముచ్చటింపదలచితిని.

మన సీమలో ఎముక విరిగెననగానే పుత్తూరు కట్టు తలపునకు వచ్చును. ఆ కట్టును నేను నిందింపను. కాని చర్మము చీలి ఎముక కంటికి కనబడినచో ఆ కథయే వేఱు. దానిపై పసరుగాని, పసుపుగాని, పేడగాని పెట్టరాదు. శుభ్రమైన బట్ట కప్పి, నెత్తురు కారుచోట అదిమిపట్టి, కాలు కదలకుండ బద్దకు కట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

మోకాటి క్రింద ముందువైపు తడవి చూడుడు. చర్మము క్రిందనే ఎముక తగులును. నడుమ కండ లేదు. అచట చర్మము ఊడినచో, పలుచని తోలు తీసి అతికింతమన్నను వట్టి ఎముకపై పట్టదు. అది బండమీద చల్లిన విత్తు వంటిది. కప్పులేని ఎముక ఎండి, చీముపట్టి, తుదకు కాలే తీసివేయవలసి రావచ్చును.

ఒకచోటి చర్మముతో వేఱొకచోటు కప్పు విద్య మనకు క్రొత్త కాదు. సుశ్రుతుడు చెంప చర్మముతో ముక్కును నిర్మించు విధము చెప్పినాడు. అయితే అది మొదలు అంటియుండగానే త్రిప్పి అతుకుట. దూరమునుండి తెచ్చునపుడు మొదలు తెగి నెత్తురు ఆగును. ఈ చిక్కును విప్పినది సూక్ష్మదర్శిని. గజ్జ చర్మమును రక్తనాళములతో గూడ తీసి కాలికి మార్చిన వృత్తాంతమును డేనియల్, టేలర్ అను వైద్యులు 1973లో ఆస్ట్రేలియానుండి ప్రకటించిరి. నేడు తొడ చర్మమునో, వీపు కండనో తీసి, దాని ధమనిని, సిరను కాలి నాళములకు కలిపి కుట్టుదురు. ఆ నాళముల వెడల్పు 2, 3 మిల్లీమీటర్లు; దారము తలవెండ్రుకకన్న సన్నము. వేరుమట్టితో పెల్లగించి వేఱొక మడిలో నాటిన మొక్కవలె అది క్రొత్తచోటి నెత్తురు త్రాగి బ్రతుకును. పని ముగియుటకు పూట చాలదు.

ఆ రాత్రి నర్సమ్మకు కునుకుండదు. గంటగంటకు అతికిన చర్మపు రంగు, వెచ్చదనము చూచుచుండును. తెల్లబడినచో నెత్తురు రాలేదని, నీలమైనచో వచ్చినది తిరిగి పోలేదని గుర్తు. కొన్ని గంటలలో మరల విప్పి సరిచేయకున్న అది చచ్చును. పరామర్శకు వచ్చి బీడీ అందించు చుట్టమును మీరే వారింపుడు. పొగాకు నాళములను ముడుచుకొనజేయును.

ఇక కాలము మాట. ల్యుబ్ల్యానా నగరపు వైద్యుడు గోదినా 532 మంది రోగుల ఫలితములు 1986లో ప్రకటితమైనవి. 72 గంటల లోపల కప్పినవారిలో నూటికి ఒకటికన్న తక్కువ విఫలమయ్యెను. ఆ పిమ్మట మూడు నెలల లోపల కప్పినవారిలో నూటికి 12.

అన్ని కాళ్లును నిలువవు. కోయంబత్తూరు గంగా ఆసుపత్రివారు 2006లో ప్రకటించిన కొలతలో చర్మమునకు, ఎముకకు, కండకు వేర్వేరుగా అంకెలు వేయుదురు. మొత్తము 14 మించనిచో కాలు నిలుప యత్నింతురు. 17 చేరినచో సామాన్యముగ తీసివేయుదురు. నడిమిది అనుభవజ్ఞుల నిర్ణయము.

మదనపల్లెలో ప్రభుత్వాసుపత్రియు, కుప్పములో వైద్యకళాశాల ఆసుపత్రియు కలవు. గాయము కడిగి ఎముకను నిలుపగానే మీరొక ప్రశ్న అడుగుడు: “దీనిని కప్పువారు ఇచట కలరా? లేనిచో ఈ దినమే ఎచటికి పంపుదురు?” వేలూరు, బెంగళూరు మనకు కొన్ని గంటల దారియే.