మెమరీ చిప్పు మేలుకొలుపు



ఆసుపత్రి పరికరాలలోను, కర్మాగార యంత్రాలలోను చిన్న ప్రాసెసర్ బోర్డులు నిరంతరం పనిచేస్తుంటాయి. అటువంటి బోర్డులలో అనేకం మీట నొక్కిన క్షణాన జ్ఞాపకం లేని స్థితిలోనే ఉంటాయి. ప్రాసెసర్ పక్కనే మెమరీ చిప్పు ఉన్నప్పటికీ, దానిని క్రమప్రకారం సిద్ధం చేసేవరకు అందులో వ్రాసినది నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఆ క్రమమేమిటో, దాని లెక్క తప్పితే కలిగే చేటేమిటో వివరించడమే ఈ ప్రసంగ లక్ష్యం.

1966లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ ఒకే ట్రాన్సిస్టరు, ఒకే కెపాసిటరుతో ఒక బిట్టును నిలిపే ఉపాయం కనుగొన్నారు. 1968లో దానికి పేటెంటు లభించింది. అదే డైనమిక్ ర్యామ్‌కు పునాది. కెపాసిటరులో విద్యుదావేశం ఉన్నదా లేదా అన్నదానినిబట్టి ఆ బిట్టు ఒకటో సున్నయో తెలుస్తుంది. అయితే ఆ ఆవేశం చిల్లికుండలోని నీటివలె కారిపోతూనే ఉంటుంది. కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపల చిప్పులోని ప్రతి వరుసను ఒకసారి తిరిగి నింపవలసి ఉంటుంది. దీనినే రిఫ్రెష్ అంటారు.

క్లాకుతో కలిసి నడిచే ఎస్.డి. ర్యామ్‌ను ఉదాహరణగా తీసుకొందాం. మొదట విద్యుత్తు, క్లాకు స్థిరపడాలి. పిమ్మట చిప్పునుబట్టి 100 లేక 200 మైక్రోసెకన్లు వేచియుండాలి. ఆపైన ప్రీచార్జ్ ఆజ్ఞతో అన్ని బ్యాంకులను మూసివేసి, తయారీదారు చెప్పినన్ని రిఫ్రెష్ ఆజ్ఞలివ్వాలి. మోడ్ రిజిస్టరులో పని తీరును నమోదు చేయాలి. తరువాత వచ్చిన డి.డి.ఆర్. తరాలలో మెట్లు పెరిగాయే కాని, క్రమం పాటించవలసిన అవసరం తగ్గలేదు. ఈ పని చేసే ప్రోగ్రాముకు ఆ సమయంలో ఈ మెమరీ ఆసరా ఉండదు. అది ఫ్లాష్ వంటి చెరగని చిప్పునుండి నడుస్తూ, ప్రాసెసర్ లోపలి కొద్దిపాటి చోటుతోనే సరిపెట్టుకోవాలి.

ఇక కాలపు లెక్క. ఒక వరుసను తెరచిన తరువాత అందులోని సమాచారాన్ని అడగడానికి 20 నానోసెకన్ల వ్యవధి కావాలనుకొందాం. 100 మెగాహెర్ట్జ్ క్లాకులో ఒక్కొక్క స్పందన 10 నానోసెకన్లు కాబట్టి రెండు స్పందనలు చాలును. 133 మెగాహెర్ట్జ్‌లో స్పందన 7.5 నానోసెకన్లే. రెండింటికి 15 మాత్రమే అవుతుంది, కావున మూడు ఇవ్వాలి. ఇక్కడ శేషం మిగిలితే పైకి సవరించాలి.

రిఫ్రెష్ విషయంలో తీరు తలక్రిందులు. 64 మిల్లీసెకన్లను 8192 వరుసలకు పంచితే ఒక్కొక్కదానికి 7.8125 మైక్రోసెకన్లు. 100 మెగాహెర్ట్జ్‌లో అది 781.25 స్పందనలు. ఇక్కడ 782 వేస్తే గడువు మించుతుంది, 781 వేయాలి. వేచియుండవలసిన కాలమైతే పైకి, మించరాని గడువైతే క్రిందికి సవరించాలన్నదే ఇందులోని ధర్మం.

ఈ లెక్క తప్పిన బోర్డు వెంటనే మొరాయించకపోవచ్చును. చల్లని గదిలో, పరీక్ష బల్లమీద నెగ్గి, ఎండవేళ మూసిన పెట్టెలో తడబడవచ్చును. వేడి పెరిగినకొద్దీ ఆవేశం త్వరగా కారిపోవడమే కారణం. అందుకే అనేక డి.డి.ఆర్.3 చిప్పులకు 85 డిగ్రీల సెల్సియస్ దాటితే రిఫ్రెష్ వేగం రెట్టింపు చేయాలని నియమం. ఒక్క బిట్టు మారినా కొలత తప్పవచ్చు, యంత్రం నిలిచిపోవచ్చు. దోషం మెమరీలో ఉండగా వెదకులాట ప్రోగ్రాములో సాగుతుంది. కనుక చిప్పు వివరపత్రంలోని అంకెలనే ప్రమాణంగా గ్రహించి, అధిక ఉష్ణోగ్రతలో సైతం వ్రాసి, ఆగి, తిరిగి చదివి పరీక్షించాలి.

మాతృభాషలో నేర్చిన గణితం ఉన్నత సాంకేతిక విద్యకు అక్కరకు వచ్చునా అని శంకించే తల్లిదండ్రులు గమనించవలసినది ఒకటి ఉన్నది. ఈ లెక్కలో ఉన్నది ప్రాథమిక తరగతులలో నేర్పే భాగహారమే. శేషాన్ని ఏ వైపునకు, ఎందుకు సవరించాలో తెలుగులో అర్థం చేసుకొన్న బాలుడైనా, బాలికయైనా ఆ అర్థాన్ని ఏ ప్రయోగశాలకైనా వెంట తీసుకొని వెళ్లగలరు.