అప్పు కడతం, అవమానం పడం

(నాచారం పారిశ్రామికవాడలో కార్మికులు, ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరంగల్ బస్సెక్కి వచ్చి ఉప్పల్ రింగురోడ్డు కాడ దిగిన మన పిల్లలు ముందుగాల అడిగేది రెండే. రూం ఎక్కడ దొరుకుతది, పని ఎక్కడ దొరుకుతది? నాచారం, మల్లాపూర్ కంపెనీలల్ల పని దొరుకుతది. కానీ కాంట్రాక్టు జీతం నెలాఖరు దాకా రాదు. ఫీజుకో, దవాఖానకో అప్పు తప్పదు. అప్పు జేసుడు నేరం కాదు. తీసుకున్నది కట్టాలె, అండ్ల రెండో మాట లేదు. కానీ ఒక కిస్తీ తప్పితే కంపెనీ గేటు కాడికొచ్చి నలుగురిల ఇజ్జత్ తీసే అధికారం వీళ్లకు ఎవరిచ్చిన్రు?

అప్పు పేరు మీద దౌర్జన్యం మన గడ్డకు కొత్త గాదు. నాగుకు గింజలిచ్చి, వడ్డీ మీద వడ్డీ కట్టి భూములు గుంజుకున్న దొరలను మన తాతలు ఎదిరించిన్రు. దొరలు పోయిన్రు, పద్ధతి పోలేదు. 2010ల మైక్రో ఫైనాన్స్ కంపెనీలు ఏం జేసినయో మనం చూసినం. ఒక ఆడబిడ్డ వారం కిస్తీ కట్టకుంటే, గ్రూపుల ఉన్న మిగతా ఆడోళ్లనే ఆమె మీదికి ఉసిగొల్పిన్రు. ఆత్మహత్యలు జరిగినంకనే అదే ఏడు అక్టోబర్‌ల అప్పటి సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది.

పదేండ్లకు అదే దౌర్జన్యం సెల్‌ఫోన్ల జొరబడ్డది. లాక్‌డౌన్‌ల జీతాలు బందైనప్పుడు లోన్ యాప్‌లు వచ్చినయి. అప్పు తీసుకునేటప్పుడే ఫోన్ల ఉన్న నంబర్లన్నీ గుంజుకున్నరు. గడువు దాటంగనే అక్కకు, మేనమామకు, ఆఫీసర్‌కు ‘వీడు దొంగ’ అని మెసేజ్‌లు పంపిన్రు. 2020 డిసెంబర్‌ల చదువుకున్న ఉద్యోగులు సుత ఈ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నరు. అప్పుడు హైదరాబాద్ పోలీసులు తేల్చిన లావాదేవీలు ఎంతనుకున్నరు? సుమారు 21,000 కోట్ల రూపాయలు! రిజర్వు బ్యాంకు కమిటీ 2021ల లెక్క తీస్తే 1,100 యాప్‌లల్ల 600 అక్రమమైనవే.

ఇంకో బాధ ఉన్నది. పోలీసులు దాడులు చేసిన కాల్ సెంటర్లు గుర్గావ్‌ల, మన హైదరాబాద్‌ల ఉన్నయి. అండ్ల కూసోని ఫోన్లు జేసింది ఉద్యోగం దొరకని పిల్లలు. కొలువుల కోసం కొట్లాడినోళ్లం మనం. కొలువు దొరకక అప్పు జేసినోన్ని కొలువు దొరకనోనితోనే తిట్టిస్తున్నరు. మన కోపం ఆ పిలగాని మీద ఆగొద్దు, వాని ఎన్కున్న పైసలోని దాకా పోవాలె.

చట్టం ఏమంటున్నదో చెప్తం, యాది పెట్టుకోండ్రి. గూండాలను పంపి బాకీ వసూలు చేసుడు చెల్లదని 2007ల ఐసీఐసీఐ బ్యాంకు కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. వసూలుకు వచ్చేటోని దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఉండాలని 2008 నుంచే రిజర్వు బ్యాంకు నిబంధన. ముందు అవి అడుగుండ్రి. బాకీ వసూలు కోసం పొద్దున 8 గంటల ముందు, రాత్రి 7 దాటినంక ఫోన్ చేయొద్దని 2022 ఆగస్టుల ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబర్‌ల, ఫోన్ల నంబర్ల జాబితా, ఫోటోలు యాప్‌లు ముట్టుకోవద్దన్నది. ‘ఏజెంటు చేసిండు, మాకు తెల్వదు’ అని బ్యాంకు తప్పించుకునేటందుకు లేదు.

మరి ఏం జేయాలె? ఫోన్ కట్ చేసి ఏడ్వకుండ్రి. కాల్ రికార్డు, మెసేజ్, తారీఖు దాచి పెట్టుండ్రి. ముందు బ్యాంకుకో, ఫైనాన్స్ కంపెనీకో రాతపూర్వకంగ ఫిర్యాదు చేయుండ్రి. 30 రోజులల్ల జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర లేదు. సేవల లోపానికి నష్టపరిహారం కావాల్నంటే వినియోగదారుల కమిషన్ ఉన్నది. బెదిరిస్తే, ఫోటోలు మార్చి పంపిస్తే 30 రోజులు ఆగే పని లేదు. అది నేరం. సీదా పోలీస్‌స్టేషన్‌కు పోవాలె, 1930కి ఫోన్ చేయాలె.

చివరగ ఒక్క మాట. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం లేకుండ నిలబడ్డం. ఎట్ల నిలబడ్డం? ఒంటరిగ లేము గనుక నిలబడ్డం. వసూలుగాళ్ల బలమంతా మనిషిని ఒంటరిని చేసుట్లనే ఉన్నది. అందుకే ప్రతి యూనియన్ ఆఫీసుల, ప్రతి హాస్టల్‌ల ఫిర్యాదు రాసిపెట్టే ఒక మనిషి ఉండాలె. పక్క రూం తమ్మునికి అసొంటి మెసేజ్ వస్తే, మన ఫోన్‌కు వాని మీద చెడ్డ మాట వస్తే, నవ్వకుండ్రి, ఇంకొకరికి పంపకుండ్రి. వాని రూం తలుపు కొట్టుండ్రి. ‘మేమున్నం, పోదాం పా’ అని స్టేషన్‌కు తోలుకపోండ్రి.

ఆత్మగౌరవం కోసం రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ గౌరవాన్ని కిస్తీ కింద జమ కట్టం.

జై తెలంగాణ!