వాకిట్లో పాత జీపు

ఆవకాయ సంగతో, పిల్లల చదువుల సంగతో చెబుతానని అనుకుంటున్నారేమో! ఈవేళ నేను చెప్పబోయేది జీపు గురించి. "జీపుతో మనకేం పనమ్మా?" అనకండి. మగవాళ్ళ సరదా వస్తువు ఏది ఇంటికొచ్చినా అది నిలబడేది మన వాకిట్లో, తినేది మన ఇంటి డబ్బు, దాని గ్రీజు అంటుకునేది మనం ఉతికే బట్టలకి. అంచేత ఆ సంగతేమిటో మనమూ తెలుసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక అదే బండి పొలాలకీ, అడవులకీ, కొండదారులకీ పనికొచ్చింది. మన దేశంలో 1940ల చివర్లో మహీంద్రా వారు విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తరువాత ఇక్కడే తయారుచేశారు. 1952లో సమాజాభివృద్ధి పథకం వచ్చాక "బి.డి.ఓ. గారి జీపు" అంటే తెలియని పల్లె లేకపోయింది.

మా ఇంట్లో ఉన్నది 1960ల నాటి సి.జె.3బి రకం. దీని బానెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది. లోపలి హరికేన్ ఇంజను అంతకుముందరి ఇంజను కన్నా పొడవు, అందుకని మూత పైకి లేపాల్సి వచ్చింది. మా మామగారు ఈ బండి మీదే మెట్ట పొలాలన్నీ తిరిగేవారు. ఆయన పోయాక పన్నెండేళ్ళు పశువుల కొట్టంలో పడి ఉంది. ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు పాత ఇనుము కొనేవాడు తూకానికి అడిగాడు. మా అత్తగారు ససేమిరా అన్నారు. దాంతో లారీ ఎక్కి మా వాకిట్లోకి వచ్చింది.

మావారూ, మా అబ్బాయీ ఒక్కసారిగా మొత్తం విప్పేసి షెడ్డుకి అప్పగిద్దామన్నారు. షెడ్డు మేస్త్రీ చెప్పిన అంచనా చూస్తే అమ్మాయి చదువు కోసం వేసిన డిపాజిట్టు దాదాపు అంతా ఊడ్చుకుపోతుంది. నేను కాదన్నాను. కాని మరోవైపు అత్తగారికి ఎనభై దాటాయి. "నేనుండగా ఇది కదులుతుందా అమ్మాయ్?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? తొందరపడితే పిల్ల చదువు, ఆలస్యం చేస్తే పెద్దావిడ కోరిక. ఇదీ మా చిక్కు.

దీనికి దారి పని వరుసలోనే దొరికింది. కారుతున్న ఇంటికి ముందు కప్పు బాగుచేస్తామా, సున్నం వేస్తామా? జీపుకీ అంతే. అందం చివర. ముందు బ్రేకులు, స్టీరింగు. తరువాత పెట్రోలు గొట్టాలు, కరెంటు తీగలు. ఆపైన రేడియేటరు, ఇంజను. టింకరింగు, రంగు అన్నిటికన్నా ఆఖరు. ఇలా చేస్తే రంగు లేకపోయినా బండి భద్రంగా నడుస్తుంది. ముందే రంగు వేయిస్తే, తరువాత ప్రతి మరమ్మతుకీ అది గీసుకుపోతుంది.

నెలకింత అని ఒక మొత్తం కట్టాం. ఆ నెల మిగిలితే పై నెలకి జమ, చాలకపోతే పని ఆగుతుంది. అప్పు మాత్రం లేదు. లెక్క పుస్తకం నా దగ్గరే. ఒక భాగం పూర్తయి బిగించేదాకా రెండోది విప్పకూడదన్నది ఇంకో కట్టడి. పాత బండ్లు తుప్పువల్లే కాదు, అన్నీ విప్పేసి ఏది ఎక్కడిదో మరచిపోవడంవల్ల కూడా పాడైపోతాయి. విప్పేముందు సెల్‌ఫోనుతో ఫోటో తీసి, నట్లూ బోల్టులూ ఖాళీ సీసాల్లో వేసి చీటీలు అంటించాను. పచ్చళ్ళ సీసాలకి చీటీలు అంటించే చేతికి ఇదేం కొత్త పని!

జాగ్రత్తలు కొన్ని తప్పకుండా వినండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. దాన్ని ఊదకూడదు, చీపురుతో ఊడ్చకూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టి పారేయాలి. ఆ పని చేసినవారి బట్టలు పిల్లల బట్టలతో కలపకండి. సామాను కడగడానికి పెట్రోలు వాడకండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. దేవుడి దగ్గర దీపం చాలు, అంటుకోడానికి. బండి కిందికి దూరేటప్పుడు ఒట్టి జాకీని నమ్మకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాల్సిందే. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, కనక అవి మార్చాకే ఇంజను తిప్పాలి.

కాగితాల మాట. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకి ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపు మారని బండ్లకి 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషను పెట్టింది. కాని అలా చేయించుకుంటే రోజూ వాడుకోడానికి వీల్లేదు. మీ ఇంటివారికి రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోమనండి. ఆర్.సి. పుస్తకం లేని బండిని కొంటామంటే మాత్రం అడ్డం పడండి.

పెద్ద గేరు రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందిస్తుంది. రెండోది వేగం తగ్గించి బలం పెంచుతుంది, బురదలోంచీ ఎగుడుదిగుళ్ళలోంచీ లాగడానికి. పొడి తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. రెంటినీ కలిపి కట్టేస్తే ఆ తేడా సర్దుబాటయ్యే దారిలేక టైర్లు అరుగుతాయి, గేర్లు బిగుసుకుంటాయి. ఇది మా అబ్బాయికి నేనే చెప్పాను. మాన్యువల్ చదివింది నేనే మరి!

రెండో ఏడు సంక్రాంతికి మా బండి నడిచింది. ఒళ్ళంతా రెడ్ ఆక్సైడు పూత, సీట్లకి గోనెపట్టాలు. బ్రేకులు మాత్రం సరికొత్తవి. అత్తగారు ముందు సీట్లో కూర్చుని, "మీ మామయ్య ఇంత మెల్లగా నడిపేవారు కాదు" అన్నారు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాం. అమ్మాయి డిపాజిట్టు బ్యాంకులో అలాగే ఉంది. ఆ మరుసటి ఏడు వానాకాలంలో అత్తగారు వెళ్ళిపోయారు. రంగు వేసిన జీపుని ఆవిడ చూడలేదు. చూడలేదన్న బాధ లేదని అనను. ఎక్కలేదన్న బాధ మాత్రం మాకు లేకుండా పోయింది.

జీపు ఇంకా పూర్తికాలేదు. కాన్వాసు టాపు కుట్టించాలి, వెనక తలుపు తుప్పు తీయించాలి. ఎప్పటికవుతుందని ఎవరైనా అడిగితే లెక్క పుస్తకం చూసి చెబుతాను. కాబట్టి సోదరీమణులారా, మీ ఇంటికీ ఇలాంటి అతిథి వస్తే విసుక్కోకండి, అలాగని తాళాలగుత్తీ అప్పగించకండి. పుస్తకం మీ చేతిలో, బ్రేకుల పని మొదట్లో, రంగు ఆఖర్న. ఇంతే చెప్పదలచుకున్నాను. సెలవు.