సంతకం పెట్టాకే విమానం లేస్తుంది

(జైనూర్‌లో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని వాయుసేనలో పని గురించి చెప్పమన్నారు. వాయుసేన అనగానే అందరికీ పైలట్ గుర్తుకొస్తాడు. మేము పైలట్లం కాదు. సైనికులను, బియ్యం బస్తాలను, మందులను, జీపులను మోసుకెళ్లే రవాణా విమానాలను నేల మీద కనిపెట్టుకుని ఉండే మెకానిక్‌లం.

మన దగ్గర చాలా కాలంగా ఈ బరువు మోస్తున్నది ఏఎన్-32. 1984 నుంచి వాయుసేనలో ఉంది. రెండు ఇంజిన్లు, ఆరు టన్నులకు పైగా బరువు మోసే శక్తి. ఫొటో చూస్తే ఇంజిన్లు రెక్కల మీద ఎత్తుగా కనిపిస్తాయి. పెద్ద ఫ్యాన్లు నేలకు తగలకుండా, మట్టి రన్‌వేల దుమ్ము, రాళ్లు ఇంజిన్‌లోకి పోకుండా అలా పెట్టారు. లడఖ్‌లో 16 వేల అడుగులకు పైన దౌలత్ బేగ్ ఓల్డీ అనే చోటు ఉంది. 43 ఏళ్లు మూతపడి ఉన్న అక్కడి రన్‌వే మీద 2008 మే 31న మళ్లీ దిగింది ఏఎన్-32 విమానమే.

మా పని ఎలా ఉంటుందో చెబుతాం. కేస్లాపూర్ జాతరకు బండి కట్టేముందు మన పెద్దలు ఏం చేస్తారు? ఇరుసుకు కందెన పెడతారు. కడశీల గట్టిగా ఉందో లేదో చేత్తో కదిపి చూస్తారు. ఘాట్ దిగేటప్పుడు చక్రం ఊడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. మేము చేసేదీ అదే. టైర్లలో గాలి చూస్తాం. ఫ్యాన్ రెక్కలకు రాయి తగిలి గాటు పడిందేమో వేలితో తడిమి చూస్తాం. ఆయిల్ ఎక్కడైనా చెమర్చిందా అని టార్చి వేసి వెతుకుతాం. ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం సీసాలోకి తీసి, అందులో నీళ్లు దిగాయేమో చూస్తాం. పైన చలికి ఆ నీళ్లు గడ్డకడితే ఇంధనం దారి మూసుకుపోతుంది. నట్టు బిగించి వదిలేయం, అదురుకు వదులు కాకుండా సన్నని తీగతో ముడివేస్తాం. అది మా కడశీల.

పని అయ్యాక పనిముట్లు లెక్కపెడతాం. ఒక్క స్పానర్ తక్కువైనా విమానం కదలదు. అది దొరికేదాకా వెతకాల్సిందే. ఎండాకాలం రన్‌వే పక్కన రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కొండల మీది చలిలో అదే రేకు చేతికి అతుక్కుంటుంది. ఎండైనా చలైనా పని మాత్రం మారదు.

ఇదంతా ఫారం 700 అనే పుస్తకంలో రాస్తాం. ఎవరు చేసిన పనికి వాళ్లు సంతకం పెట్టాలి. దాన్ని పైవాడు చూసి సంతకం పెట్టాలి. చివరికి పైలట్ అదంతా చదివి, తానూ సంతకం పెట్టి విమానం ఎక్కుతాడు. చూడని పనికి సంతకం పెట్టకూడదు. ఎంత పెద్ద అధికారి తొందరపెట్టినా పెట్టకూడదు. ఇక్కడి నుంచి మీరు ఒక్క మాటే తీసుకెళ్లాలనుకుంటే, ఇదే తీసుకెళ్లండి.

ఎందుకంటే సంతకం విలువ మనకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. చదవలేని కాగితం మీద తాతలు వేలిముద్ర వేశారు, భూమి పోయింది. ఈ కథ లేని గూడెం మన దగ్గర ఉందా? ఆ బాధ చూసే 1943లో ఇక్కడి మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించారు, గోండీలో వాచకాలు తయారు చేయించారు. కాగితం మనమే చదువుకోవాలన్నదే అప్పటి లక్ష్యం. ఇప్పుడు మన పిల్లవాడు చదివి సంతకం పెడితేనే విమానం లేస్తుంది.

ఆ సంతకం వెనుక ప్రాణాలు ఉంటాయి. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్న ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. శకలాలు 2024లో గానీ సముద్రం అడుగున కనబడలేదు. ప్రతి మెకానిక్ మనసులో ఆ రోజు ఉంటుంది. ఇంకో రోజు కూడా ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో కరోనా రోగులకు ఆక్సిజన్ దొరకనప్పుడు, బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను సీ-17 విమానాలు ఒడిశాకు మోసుకెళ్లాయి. ఆ విమానాలు లేవడానికి ముందు వాటి చుట్టూ తిరిగి చూసింది మెకానిక్‌లే.

ఇక దారి సంగతి. 2022 నుంచి అగ్నివీర్ వాయు పద్ధతి వచ్చింది. సైన్స్ విభాగంలో రాయాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్ ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం రావాలి. ఇంజినీరింగ్ డిప్లొమా వాళ్లూ రాయవచ్చు. అమ్మాయిలకూ అవకాశం ఉంది. మొదటి శిక్షణ బెళగావిలో. వయసు, ఎత్తు లాంటి నిబంధనలు నోటిఫికేషన్‌లో మీరే చదువుకోండి. దరఖాస్తు రుసుము తప్ప ఎవరైనా డబ్బు అడిగితే వాడు దళారి, గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇంగ్లిష్ అంటే భయపడకండి. ఇంట్లో గోండీ, బడిలో తెలుగు, సంతలో మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్లం మనం. నాలుగు భాషలు నేర్చిన నాలుకకు ఐదోది బరువు కాదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం మందిని మించదు. మిగతావాళ్లు సేవానిధి డబ్బుతో ఇంటికి వస్తారు. అందుకే ఆ నాలుగేళ్లలో యూనిఫాం ఒక్కటే కాదు, పని సంపాదించాలి. పని వచ్చినవాడికి వేరే గుమ్మాలూ ఉన్నాయి. సీ-130జే రవాణా విమానం తోక భాగాలు తయారయ్యేది మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో. కొత్తగా వస్తున్న 56 సీ-295 విమానాల్లో 40 మన దేశంలోనే, వడోదరలో కడుతున్నారు. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి విమాన స్థలం నుంచి పౌర విమానాలు నడపడానికి 2025లో వాయుసేన ఒప్పుకుంది. అది తయారయ్యే నాటికి అక్కడ మన పిల్లలు గేటు కాపలాకే మిగలాలా, విమానం కింద టార్చి పట్టుకుని నిలబడాలా? అది ఇప్పుడు పదో తరగతి, ఇంటర్ చదువుతున్న మీ చేతుల్లో ఉంది.

మోటార్ విప్పి బిగించే చేతులు మన ప్రతి గూడెంలో ఉన్నాయి. ఆ చేతులకు లెక్కలు, ఇంగ్లిష్ తోడు కావాలి. ఈ సెలవుల్లో జైనూర్ వచ్చిన పిల్లలకు ఆ రెండు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. నోట్‌బుక్ తెచ్చుకోండి చాలు.

జై సేవా. రాం రాం.