పిడికెడు తిన్నా ఒళ్ళు తగ్గదేం?
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం కలుసుకోవడానికి కారణం అదే. కరువుభత్యం సంగతులు మాట్లాడటానికి నాకంటే సమర్థులున్నారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. పెన్నా డెల్టా కాలువల మీద ముప్పై మూడేళ్ళు నీళ్ళు కొలిచినవాణ్ణి. కనుక ఉపన్యాసం జోలికి పోకుండా మా ఇంట్లో జరిగింది చెబుతాను.

"తినేది పిడికెడే, అయినా ఒళ్ళు తగ్గదు." ఈ మాట మన సమావేశాల్లో టీ తాగే వేళ వినపడని నెల లేదు. మా ఇంట్లో నేనూ అదే అనేవాణ్ణి, మా ఆవిడా అదే అనేది. ఇద్దరిలో ఒకరి మాట నిజం, ఒకరిది అబద్ధం. ఎవరిది ఏదో తేలడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

ముందు నా సంగతి. ఉద్యోగం రోజుల్లో మైపాడు వైపు కాలువ కట్టల మీద రోజూ సైకిలు తొక్కేవాణ్ణి. రెండు పూటలా కంచం నిండా అన్నం తిన్నా అరవై ఎనిమిది కిలోలు దాటలేదు. 2015లో పదవీ విరమణ చేశాను. నాలుగేళ్ళలో ఎనభై ఒకటికి వచ్చాను. షుగరు అంచుకు చేరింది. డాక్టరుగారు అడిగితే ఒప్పజెప్పాను: "పొద్దున రెండే ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి రెండు చపాతీలు." ఆయన నమ్మారు. "వయసు కదా సార్, అంతే" అన్నారు.

ఒకరోజు నాకే అనుమానం వచ్చింది. గేజి చూడకుండా కాలువలో ఎన్ని నీళ్ళు పోయాయో చెప్పేవాణ్ణి నమ్మొద్దని మా లష్కర్లకు నేనే చెప్పేవాణ్ణి. మరి నా తిండికి గేజి ఏది? ఒక నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు నోట్లో పడిన ప్రతిదీ రాశాను.

రోజుకు నాలుగు కాఫీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. అంటే నలభై గ్రాములు, నూట అరవై కేలరీలు. సాయంత్రం అరుగు మీద కబుర్లాడుతూ గుప్పెడు వేరుశనగ గుళ్ళు, నూట డెబ్బై. చేపల పులుసు మీద తేలే నూనె, ఆవకాయలో కలుపుకునే నూనె, కారం దోసె మీది నూనె కలిపి నాలుగు పెద్ద చెంచాలు, దాదాపు ఐదు వందలు. ఈ మూడింటికే ఎనిమిది వందల పైచిలుకు. రెండు వందల ముప్పై గ్రాముల బియ్యం వండుకు తిన్నంత! ఇందులో ఏదీ నేను డాక్టరుగారికి చెప్పలేదు. దాచాలని కాదు. కంచంలోకి రానిది నా లెక్కలో తిండే కాదు. కాలువకు దొంగ తూములున్నట్టు నా తిండికీ ఉన్నాయి.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తరువాత తెలిసింది. రోజుకు పన్నెండు వందల కేలరీలైనా తినకపోయినా తగ్గడంలేదన్న పదిమందిని న్యూయార్కులో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళ శరీరం ఖర్చుచేసే శక్తిలో లోపమేమీ కనపడలేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగానూ, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగానూ చెప్పారట. తాము చెప్పేది నిజమనే వాళ్ళు నమ్మారు. నేనూ అంతే.

ఇక మా ఆవిడ సంగతి. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం.

ఆమె మధ్యాహ్నం ఓ కప్పు అన్నం, రాత్రి మజ్జిగన్నం తినేది. శనివారం ఒక్కపొద్దు. అయినా రెండేళ్ళలో అరవై రెండు కిలోల మనిషి డెబ్బై ఒకటి అయింది. పొద్దున లేవగానే అలసట. నెల్లూరు ఎండల్లో ఫ్యాను ఆపమనేది. గొంతు బొంగురుపోయింది, జుట్టు ఊడింది, ముఖం ఉబ్బింది. అదే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. "ఏమీ తినడం లేదు సార్" అని ఆమె అంటే, "గాలి పీల్చి ఎవరూ లావెక్కరమ్మా, నోరు కట్టుకో" అన్నారాయన. నేను నవ్వాను. ఆ నవ్వు ఆమె చూసింది.

అంతటితో ఊరుకున్నానా? ఒక రాత్రి ఆమె పడుకున్నాక మురుకుల డబ్బా తెరిచి లెక్కపెట్టాను. పద్నాలుగున్నాయి. తెల్లారి మళ్ళీ లెక్కపెట్టాను. పద్నాలుగే. అయినా నమ్మలేదు, ఇంకెక్కడో తింటోందనుకున్నాను. నమ్మకూడదని ముందే నిర్ణయించుకున్నవాడికి గేజి ఎంత చూపిస్తే ఏం లాభం?

సంక్రాంతికి వచ్చిన మా మేనకోడలు నర్సు. వాకిట్లో అత్తను చూసి, "అత్తా, థైరాయిడ్ పరీక్ష చేయించారా?" అంది. మర్నాడే రక్తం ఇచ్చాం. టి.ఎస్.హెచ్. మామూలుగా నాలుగు, అయిదు లోపు ఉండాల్సింది నలభై దాటింది. ఆ కాగితం పట్టుకుని ఆమె ఏడవలేదు. "నేను తిన్లేదని ఇప్పుడన్నా నమ్మినారా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

థైరాయిడ్ మెడ ముందు భాగంలో ఉండే చిన్న గ్రంథి. ఒంట్లో పొయ్యి మంట ఎంత ఎగదోయాలో అది చెబుతుంది. అది మందగిస్తే మంట తగ్గుతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి. ఒకప్పుడు దీనికి పెద్ద కారణం అయోడిన్ లోపం. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుంచి హిమాచల్ ప్రాంతపు కాంగ్రా లోయలో పరిశోధించి, ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని నిరూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. సముద్రం పక్కనే ఉన్నాం, మనకెందుకనుకోవద్దు. ఇసకపల్లి కొఠార్లలో పండినా ఇంకెక్కడ పండినా, కలపని ఉప్పులో అయోడిన్ నామమాత్రమే. అయితే అయోడిన్ ఉప్పు తినేవారికీ ఈ జబ్బు వస్తోంది. మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద తిరగబడటం అందుకు కారణం. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బు ఇదే. ఆడవాళ్ళలో ఎక్కువ.

మా ఆవిడ రోజూ పరగడుపున మాత్ర వేసుకుని, గంట తరువాతే కాఫీ తాగుతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటిస్తుంది. అలసట పోయింది, గొంతు బాగుపడింది. బరువు మాత్రం నాలుగు కిలోలే తగ్గింది. థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలేనట. మిగిలింది నడకతోనూ తిండితోనూ దించుకోవాల్సిందే. కాబట్టి ప్రతి లావుకూ థైరాయిడ్‌ని నిందించకండి. తగ్గడానికని ఆ మాత్రలు సొంతంగా మింగకండి. గుండె లయ తప్పుతుంది.

కొందరు పూర్తిగా కడుపు మాడ్చుకుంటున్నారు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశారు. దాదాపు పావువంతు బరువు తగ్గారు. వారి శరీరాలు ఖర్చును సుమారు నలభై శాతం తగ్గించుకున్నాయి. జలాశయంలో మట్టం పడిపోతే మేం వంతులవారీగా నీళ్ళు వదలమూ? శరీరమూ అంతే. ఆదా చేస్తుంది గాని కాలువ పూర్తిగా మూయదు. మన వయసులో కడుపు మాడిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగే ప్రమాదం ఉంది. కండ పోతే కింద పడతాం, తుంటి విరుగుతుంది. అన్నం తగ్గించండి, పప్పు, గుడ్డు, చేప, పెరుగు తగ్గించకండి. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల సారమూ ధాన్యం వాటా తగ్గించి పప్పులు, కూరలు పెంచమనే.

కాటా ఒక్కటే చూడకండి, టేపు కూడా తీయండి. మగవారికి నడుము తొంభై సెంటీమీటర్లు, ఆడవారికి ఎనభై దాటితే జాగ్రత్తపడాలి. పూణే డాక్టర్ యాజ్ఞిక్ గారు, ఇంగ్లండు మిత్రుడు యుడ్కిన్ గారు తమ ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! సన్నగా కనిపించే మనలోనూ కొవ్వు దాగి ఉంటుంది.

చివరగా నా విన్నపాలు మూడు. ఒక వారం పాటు తిన్నదంతా రాయండి, నూనెతో సహా. రాసినా లెక్క కుదరకపోతే థైరాయిడ్ పరీక్ష అడగండి, వాడే మందుల చీటీ చూపించండి. స్టెరాయిడ్లు, కొన్ని షుగరు మందులు బరువు పెంచుతాయి, కాని సొంతంగా ఆపకండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి కాళ్ళు వాస్తే అది కొవ్వు కాదు, నీరు. గుండె, మూత్రపిండాల పరీక్షకు వెంటనే వెళ్ళండి.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఇంట్లో మనిషి "తినడం లేదు" అంటే నవ్వకండి. నా మాట కొలిస్తే అబద్ధమని తేలింది, ఆమె మాట కొలిస్తే నిజమని తేలింది. నమ్మకం దొరికింది మాత్రం నాకే. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం మైపాడు ఇసకలో నడుస్తున్నాం. నేను డెబ్బై నాలుగుకు వచ్చాను. మురుకుల డబ్బా ఇంట్లోనే ఉంది. ఎవరూ లెక్కపెట్టడం లేదు.